క్యాంపస్ పిల్లులు: ఆపరేషన్లు జరుగుతున్నా సంఖ్య ఎందుకు తగ్గదు?

ఏ విశ్వవిద్యాలయంలో చూసినా పిల్లుల గొడవ ఇంచుమించు ఒకేలా నడుస్తుంది. హాస్టల్ వెనక కొందరు గిన్నెల్లో తిండి పెడుతుంటారు. మెట్ల కింద మూత్రం కంపు భరించలేక ఇంకొందరు వార్డెన్‌కి ఫిర్యాదు రాస్తారు. జంతుశాస్త్రం విభాగం వాళ్లు పక్షి గూళ్ల సంగతేమిటని అడుగుతారు. ఎస్టేట్ ఆఫీసు ‘జంతువులకు ఆహారం పెట్టరాదు’ అని ఒక నోటీసు అంటించి చేతులు దులుపుకుంటుంది. ఈలోగా ఎవరో నలుగురు చందాలు వేసుకుని పది పదిహేను పిల్లులకు కూనలు పుట్టకుండా ఆపరేషన్లు కూడా చేయిస్తారు. ఏడాది తిరిగేసరికి పిల్లులు మునుపటి అన్నే ఉంటాయి, లేదా ఇంకో నాలుగు ఎక్కువే ఉంటాయి. ఆపరేషన్ పనిచేయదన్న మాట అప్పుడే పుడుతుంది. ఆపరేషన్ పనిచేస్తుంది. ఎన్నిటికి, ఎంత త్వరగా చేశారన్న దగ్గరే లెక్క తప్పుతుంది.

పుట్టుకల లెక్క

పెంటిపిల్లి నాలుగో నెలకే ఎదకు రావచ్చు. ఐదారు నెలలకు చాలావరకు వచ్చేస్తాయి. చూలు 63 నుంచి 65 రోజులు. ఈతకు సగటున మూడు నాలుగు కూనలు. జతకట్టడం వల్లనే అండం విడుదలయ్యే జంతువు కాబట్టి, గండుపిల్లి కలిసిందంటే చూలు నిలిచే అవకాశం చాలా ఎక్కువ. పైగా ఒక ఈత కూనలకు పాలిస్తూనే మళ్లీ చూలు కట్టగలదు. పగటి వెలుతురు ఎక్కువగా ఉండే నెలల్లో ఎద ఉధృతంగా ఉంటుంది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న చోట్ల ఏడాది పొడవునా ఆగదు.

ఈ అంకెలు పట్టుకుని ‘ఒక్క జంట ఏడేళ్లలో నాలుగు లక్షలు’ అని పోస్టర్లు వేస్తుంటారు. అది కాగితం మీది గుణకారం తప్ప మరొకటి కాదు. పుట్టిన కూనల్లో అత్యధికం బతకవు. అమెరికాలోని ఉత్తర కరోలినాలో పిల్లి గుంపులను వరసగా గమనించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, 169 కూనల్లో 75 శాతం ఆరు నెలలు నిండకుండానే చనిపోయాయి, లేదా కనిపించకుండా పోయాయి. జబ్బులు, వాహనాలు, కుక్కలు. క్యాంపస్‌లో పిల్లుల సంఖ్యను ఏళ్ల తరబడి అదుపులో ఉంచుతున్నది నిజానికి ఈ చావులే. దీన్ని తలుచుకోవడం కష్టంగానే ఉంటుంది కానీ, తలుచుకోకపోతే మిగతా లెక్క అర్థం కాదు.

ఉదాహరణకు ఒక క్యాంపస్‌లో 40 పిల్లులున్నాయనుకుందాం. అందులో సగం, అంటే 20, పెంటిపిల్లులు. పదింటికి ఆపరేషన్ అయింది. మిగిలిన పది, ఏడాదికి రెండు ఈతలు, ఈతకు నాలుగు చొప్పున 80 కూనలను పెడతాయి. వాటిలో మూడొంతులు పోయినా 20 మిగులుతాయి. ఏడాదిలో సహజంగా చనిపోయే, వలసపోయే పెద్ద పిల్లుల లోటు వాటితో భర్తీ అవుతుంది. అంటే సగం పని పూర్తిచేసినా, ఫలితంలో సగం రాదు, దాదాపు సున్నా. అదే 18కి చేసి రెండింటిని మాత్రమే వదిలితే 16 కూనలు పుట్టి నాలుగు మిగులుతాయి. పోయేవి అంతకంటే ఎక్కువే కాబట్టి సంఖ్య మొదటిసారి కిందికి దిగుతుంది. కాలిఫోర్నియా, ఫ్లోరిడాలలోని రెండు కౌంటీల (జిల్లాల్లాంటివి) సమాచారంతో 2005లో వేసిన లెక్క కూడా ఇదే చెప్పింది: గుంపులో 71 నుంచి 94 శాతానికి ఆపరేషన్ జరిగితే తప్ప సంఖ్య తగ్గదు.

ఇక వేగం. నెలకు రెండు చొప్పున చేస్తే 20 పెంటిపిల్లులకు పది నెలలు పడుతుంది. మొదటి నెలలో పుట్టిన కూన ఆరో నెలకు ఎదకు వచ్చి, ఎనిమిదో నెలకు తల్లవుతుంది. మీ జాబితా పూర్తవకముందే జాబితాలో కొత్త పేర్లు చేరుతుంటాయి. అదే 20 ఆపరేషన్లు మూడు వారాల్లో ముగిస్తే ఖర్చు అంతే, ఫలితం వేరు. డబ్బు కొంచెం కొంచెం వస్తున్నప్పుడు నెలకు రెండు చేయించాలన్న ఉబలాటం సహజం. దాన్ని ఆపుకుని, ఒక హాస్టల్ గుంపు మొత్తానికి సరిపడా కూడబెట్టి, ఒక్క విడతలో చేయించడం మేలు. ఒక గుంపు పూర్తయ్యాక ఇంకో గుంపు. ఆపరేషన్ అయిన పిల్లికి చెవి కొస కత్తిరించి గుర్తు పెడతారు కాబట్టి, పూర్తయిన చోట గుర్తులేని చెవితో కొత్త పిల్లి కనబడితే ఆ రోజే తెలిసిపోతుంది. నాలుగు చోట్లా సగం సగం చేసిన క్యాంపస్‌లో ఏది కొత్తదో, ఏది మిగిలిపోయిందో ఎవరూ చెప్పలేరు.

గండుపిల్లుల గురించి ఒక మాట. తొమ్మిదింటికి ఆపరేషన్ చేసినా మిగిలిన పదోది అన్ని పెంటిపిల్లులకూ చాలు. కాబట్టి పుట్టుకలు ఆపడానికి పెంటివి ముందు. అరుపులు, కొట్లాటలు, కంపు తగ్గించడానికి గండువి. వార్డెన్ దగ్గరికొచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం రెండో రకానివే కనుక, పరిపాలన వాళ్ల సహకారం కావాలంటే మొదటి విడతలోనే పేరుమోసిన రెండు మూడు గండుపిల్లులను చేర్చుకోవడం తెలివైన పని.

పట్టుకెళ్లి దూరంగా వదిలేస్తే?

పిల్లులు ఒకచోట ఉన్నాయంటే అక్కడ తిండి, దాక్కునే చోటు ఉన్నట్టు. అవి మారకుండా పిల్లులను మాత్రమే తీసేస్తే, చుట్టుపక్కల నుంచి కొత్తవి వస్తాయి. ఆస్ట్రేలియాలోని టాస్మానియా అడవుల్లో కొద్దికొద్దిగా పిల్లులను తొలగించి చూసిన ప్రయోగం 2015లో వెలువడింది. తొలగించిన రెండు చోట్లా పిల్లులు తగ్గకపోగా సగటున 75 శాతం, 211 శాతం పెరిగాయి. అక్కడ ఏలుతున్న పెద్ద పిల్లులు పోయేసరికి, అంతవరకు దూరంగా ఉన్నవి లోపలికి వచ్చాయన్నది పరిశోధకుల అంచనా.

తెచ్చి వదిలిన పిల్లి పరిస్థితి కూడా బాగుండదు. కొత్త చోట తిండి ఎక్కడో, ప్రమాదం ఎక్కడో తెలియదు. పాత చోటు వెతుక్కుంటూ రోడ్డెక్కుతుంది. నిజంగా మార్చక తప్పనప్పుడు కొత్త చోట రెండు మూడు వారాలు గదిలోనో పెద్ద పంజరంలోనో ఉంచి, అక్కడి మనుషులు, వాసనలు, తిండివేళలు అలవాటు చేసి వదలాలి. ఆ శ్రమ కొన్నిచోట్ల పడక తప్పదు. నేల మీద గూడు కట్టే అరుదైన పక్షులున్న చోటు, ప్రయోగ జంతువులను ఉంచే భవనం, ఆరోగ్య కేంద్రం, మెస్ వంటగది లాంటి చోట్ల పిల్లులు ఉండకూడదు. ఈ విషయంలో పిల్లి ప్రేమికులు మొండికేస్తే మిగతా క్యాంపస్‌లో కూడా మద్దతు పోతుంది.

తిండిని నిషేధించడం కాదు, వాడుకోవడం

తిండి పెట్టొద్దన్న నోటీసుతో పిల్లులు వెళ్లిపోవు. పెట్టేవాళ్లు చీకట్లో, చాటుగా, ఎక్కడ పడితే అక్కడ పెట్టడం మొదలెడతారు. ఎవరు, ఎక్కడ, ఎన్నింటికి పెడుతున్నారో తెలియకుండా పోతుంది. ఆ తెలియకపోవడమే అసలు నష్టం. ఎందుకంటే పిల్లిని పట్టాలంటే అది ఏ వేళకు ఎక్కడికి వస్తుందో తెలియాలి.

పద్ధతి ఇలా ఉండాలి. గుంపుకు ఒక్కటే చోటు. రోజూ ఒకే వేళ, పగటిపూట. 20–30 నిమిషాలయ్యాక గిన్నెలు తీసేయాలి. మిగిలిన తిండి ఎలుకలను, కుక్కలను, చీమలను పిలుస్తుంది. పెద్ద పిల్లికి రోజుకు సుమారు 60 గ్రాముల పొడి దాణా సరిపోతుంది. ‘పాపం’ అని రెండింతలు పోస్తే ఆ మిగులు మీద కొత్త పిల్లులు బతుకుతాయి. తలుపులకు, క్యాంటీన్‌కు, పార్కింగ్‌కు, రోడ్డుకు దూరంగా, గోడ లేదా పొదల చాటున చోటు ఎంచుకోవాలి. చెరువు గట్టు, గూళ్లున్న చెట్ల మొదళ్లు వద్దు. చీమల బెడద ఉంటే గిన్నెను నీళ్లున్న పళ్లెంలో నిలబెట్టాలి. తాగే నీళ్లు మాత్రం ఎప్పుడూ ఉండాలి.

దీనితోపాటు మెస్ వెనక చెత్తడబ్బాలకు బిగుతైన మూతలు పడాలి. ఈ పని ఎవరూ పట్టించుకోరు, దాని ఫలితం మాత్రం బోను పెట్టిన రోజు కనబడుతుంది. రాత్రంతా చెత్తలో కడుపు నింపుకున్న పిల్లి, ఉదయం బోనులో ఎంత మంచి ఎర ఉన్నా అటు చూడదు.

లెక్కపెట్టడం

రెండు వారాలు తిండి వేళకు కూర్చుని ప్రతి పిల్లికీ రెండు పక్కలా ఫొటో తీయాలి. రంగు, తోక, ముఖం మీది మచ్చ, కుంటి, చెవి గుర్తు, ఎప్పుడు ఏ చోట కనబడింది, ఇవన్నీ ఒక పట్టికలో రాయాలి. లింగం దూరం నుంచి తెలియదు కానీ రంగు కొంత చెబుతుంది. నలుపు, నారింజ రెండూ కలిసిన పిల్లి దాదాపు ఎప్పుడూ పెంటిదే, ఎందుకంటే ఆ రంగుల జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. నారింజ చారలవి ఎక్కువగా గండువి. బుగ్గలు ఉబ్బి తల పెద్దదిగా ఉంటే ఆపరేషన్ కాని పెద్ద గండుపిల్లి. పొట్ట కింద వెంట్రుకలు ఊడి చనుమొనలు గులాబీ రంగులో బయటికి కనబడుతుంటే ఎక్కడో కూనలున్నాయి. ఈ చివరి గుర్తు పట్టికలో తప్పకుండా ఉండాలి. ఎందుకో బోను దగ్గర తెలుస్తుంది.

బోను

ముందు ఆసుపత్రి, తర్వాత బోను. ఎన్ని పిల్లులకు ఏ రోజున ఆపరేషన్ చేస్తారో ఖాయమయ్యాకే పట్టాలి. పట్టాక డాక్టరు లేరని వదిలేసిన పిల్లిని రెండోసారి పట్టడం నరకం. అలా జరిగితే ఒక గుంపు పని నెలలు వెనక్కి పోతుంది.

మామూలు బోను సుమారు 75–90 సెంటీమీటర్ల పొడవు, 25–30 వెడల్పు. లోపల ఒక తొక్కుడు రేకు. దాని మీద కాలు పడితే తలుపు పడిపోతుంది. వెనక ఇంకో తలుపు పైకి జారేలా ఉన్నది కొనాలి. అది లేకపోతే పిల్లికి తిండి పెట్టడం, కింది కాగితం మార్చడం, ఆసుపత్రి పంజరంలోకి మార్చడం అన్నీ కష్టమే. గుంపులో పది పిల్లులుంటే పన్నెండు బోన్లు ఉండాలి. బోనుకో అంకె కట్టాలి. ఏ అంకె బోను ఎక్కడ పెట్టారో, ఏ పిల్లి ఎక్కడ పడిందో రాయాలి. చీకట్లో పొద వెనక మరచిపోయిన బోనులో పిల్లి ప్రాణం పోవచ్చు. పెట్టినన్ని తీసుకొచ్చామా అన్నది వెళ్లేముందు లెక్కబెట్టుకోవలసిన మొదటి విషయం.

పట్టే రోజుకు వారం పది రోజుల ముందు నుంచి బోనులను తెచ్చి, తలుపు పడకుండా తాడుతో కట్టేసి, వాటి దగ్గర, తర్వాత గుమ్మంలో, చివరికి లోపల తిండి పెట్టడం మంచిది. పట్టే రోజుకు 24 గంటల ముందు తిండి ఆపాలి, నీళ్లు ఆపకూడదు. ఆ ఒక్క రోజు క్యాంపస్‌లో తిండి పెట్టే ప్రతి ఒక్కరూ కట్టుబడాలి. రాత్రి డ్యూటీ సెక్యూరిటీ గార్డు జాలిపడి వేసిన రెండు బిస్కెట్లు చాలు మొత్తం పని చెడడానికి. అందుకే గార్డులకు ముందుగా చెప్పడం మర్యాద కోసమే కాదు.

అడుగున తీగలు కాలికి తగిలితే పిల్లి వెనక్కి పోతుంది, కాబట్టి వార్తాపత్రిక మడిచి పరవాలి. రేకు కిందికి కాగితం దూరకుండా చూడాలి. నేల చదునుగా ఉండాలి. ఊగిన బోనులోకి ఏ పిల్లీ రెండోసారి రాదు. వెనక తలుపు గొళ్లెం పడిందా అన్నది రెండుసార్లు చూసుకోవాలి. ఎరగా ఘాటు వాసన వచ్చే చేప, డబ్బా ట్యూనా లాంటిది, ఒక్క చెంచా, రేకు అవతల చిట్టచివర. గుమ్మం నుంచి లోపలికి దాని నీళ్లు చుక్కలుగా వేయాలి. ఎక్కువ పెడితే రెండు తిప్పలు: గుమ్మంలోనే తిని వెళ్లిపోతుంది, లేదా కడుపు నిండా తిని మత్తులో వాంతి చేసుకుంటుంది, ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం.

తర్వాత పది పదిహేను మీటర్ల దూరంలో, బోన్లు కనబడేలా, కదలకుండా ఉండాలి. ఇంటికి పోయి మర్నాడు వద్దామన్న ఆలోచనే వద్దు. తలుపు పడగానే పిల్లి తీగలకేసి తల కొట్టుకుంటుంది. వెంటనే మందపాటి దుప్పటితో బోను మొత్తం కప్పేస్తే, చీకటి పడగానే ఒక నిమిషంలో సద్దుమణుగుతుంది. ఎండలో ఉంచకూడదు. ‘ఏదో ఒకసారి చూద్దాం’ అని ఆరుబయట తలుపు ఎత్తకూడదు. చెవి గుర్తు ఉన్న పాత పిల్లి పడితే, బోను మిగులుంటే అందులోనే ఉంచి పని అయ్యాక వదలాలి. వెంటనే వదిలితే మళ్లీ ఎర కోసం అదే వస్తుంది.

రేకును దాటి అడుగేసే తెలివైనవి, బోను చూస్తేనే పారిపోయేవి ప్రతి గుంపులోనూ ఒకటి రెండుంటాయి. మొదటి రకానికి రేకు మీద అట్టముక్క అతికించి దాన్ని పొడవు చేయవచ్చు. రెండో రకానికి తొక్కుడు రేకును నమ్ముకోకుండా, తలుపు కింద నీళ్లు నింపిన సీసాను ఆసరాగా నిలబెట్టి, దాని మెడకు తాడు కట్టి, పిల్లి తోకతో సహా లోపలికి పోయాక తాడు లాగాలి. పైనుంచి పడే వెడల్పాటి బోను కూడా వాడతారు. అందులో రెండు మూడు కలిసి పడొచ్చు. ఎవరికీ దొరకని ఆ ఒక్కటీ పెంటిపిల్లి అయితే విడిచిపెట్టకూడదు. అది ఈ ఏడాది ఎనిమిది కూనలు పెడుతుంది.

పాలిచ్చే తల్లి పడితే గడియారం మొదలైనట్టే. ఆపరేషన్ చేయవచ్చు, పాలు ఆగవు; కానీ మత్తు పూర్తిగా దిగగానే, అదే రోజు, వీలైనంత త్వరగా వదిలేయాలి. కూనలు ముందు దొరికితే వాటి బోనును దుప్పటితో కప్పి, తల్లి కోసం పెట్టిన బోను వెనకవైపు ఆనించి ఉంచితే, వాటి అరుపుకి తల్లి వస్తుంది.

ఆపరేషన్ బల్ల మీద

పూర్తి ఆరోగ్యంగా ఉండి కిలో బరువు, రెండు నెలల వయసు నిండిన కూనకు కూడా ఆపరేషన్ చేస్తారు. పెద్దవాటికి ముందు రాత్రి నుంచి తిండి ఉండదు; కూనలను మాత్రం అంతసేపు పస్తు ఉంచకూడదు, రక్తంలో చక్కెర పడిపోతుంది. మత్తులో ఉన్నప్పుడే అన్నీ అయిపోవాలి: ఆపరేషన్, రేబిస్ టీకా, పాన్‌ల్యుకోపీనియా (పిల్లులకు సోకే ప్రాణాంతక వైరస్ జబ్బు) టీకా, నులిపురుగుల మందు, నొప్పి మందు. ఎడమ చెవి కొస ఒక సెంటీమీటరు తిన్నగా కత్తిరించాలి. చెవికి గాటు పెడితే కొట్లాటలో చిరిగిన చెవిలా కనబడుతుంది. మెడపట్టీ ఎక్కడో తగులుకుని ఉరి పడుతుంది. తిన్నగా తెగిన చెవి మాత్రం ఇరవై అడుగుల దూరం నుంచి, సాయంత్రం వెలుతురులో కూడా పోల్చుకోవచ్చు. అది లేని పిల్లిని మళ్లీ పట్టి, మళ్లీ పొట్ట కోసి చూశాక ముందే ఆపరేషన్ అయిందని తెలియడం వృథా హింస. కుట్లు లోపలే కరిగిపోయేవి కావాలి; కుట్లు విప్పడానికి వీధి పిల్లి తిరిగి రాదు.

ఎఫ్‌ఐవీ (పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్), లుకేమియా వైరస్ పరీక్షలు అన్నిటికీ చేయించాలా? ఆరోగ్యంగా కనబడే పిల్లికి చాలా కార్యక్రమాలు చేయించవు. ఆ డబ్బుతో మరిన్ని ఆపరేషన్లు అవుతాయి, ఎఫ్‌ఐవీ అంటించే కొట్లాటలను తగ్గించేది కూడా ఆపరేషనే.

ఆపరేషన్ తర్వాత గండువాటిని ఒక రాత్రి, పెంటివాటిని 24 నుంచి 48 గంటలు, కప్పిన బోనులోనే, వెచ్చని నిశ్శబ్దమైన గదిలో ఉంచాలి. మత్తు దిగకముందు తిండి వద్దు. చిగుళ్లు పాలిపోవడం, కాగితం మీద రక్తం చుక్కలు ఆగకుండా పడుతుండటం, గంటలు గడిచినా తల ఎత్తకపోవడం, వీటిలో ఏది కనబడినా డాక్టరుకు ఫోన్ చేయాలి. వదిలేది పట్టిన చోటే, రోడ్డుకు వ్యతిరేక దిశలో తలుపు తెరిచి.

పాలు తాగే కూనల సంగతి వేరు. మనిషికి మచ్చిక కావడానికి అసలు వయసు రెండు నుంచి ఏడు వారాలు. ఎనిమిది వారాల లోపు వాటిని పెంపకానికి ఇవ్వడం తేలిక. నాలుగు నెలలు దాటిన, మనిషిని చూస్తే బుసకొట్టే కూనను ఇంట్లో పెట్టుకోవడం ఇద్దరికీ శిక్షే.

గర్భనిరోధక మాత్రలు తిండిలో కలిపితే పోలేదా అని ఎవరో ఒకరు అడుగుతారు. మెజెస్ట్రాల్ లాంటి హార్మోను మందులు ఉన్నాయి. ఏ పిల్లికి ఎంత మోతాదు పోయిందో తెలియదు, గర్భాశయంలో చీము, పాల గ్రంథుల గడ్డల ప్రమాదం ఉంది. అండాశయాన్ని ఉంచి గర్భసంచి మాత్రమే తీసే, గండువాటికి వాసెక్టమీ మాత్రమే చేసే పద్ధతి కాగితం మీద బాగుంటుంది. హార్మోన్లు అలాగే ఉంటాయి కాబట్టి అరుపులు, కొట్లాటలు, కంపు అన్నీ అలాగే ఉంటాయి. పక్కన హాస్టల్ కిటికీలున్న చోటికి అది పనికిరాదు. ఒక్క ఇంజెక్షన్‌తో అండం ఎదగకుండా చేసే జన్యుచికిత్స ఫలితాలు 2023లో వెలువడ్డాయి. మందు వేసిన ఆరు పిల్లుల్లో ఒక్కటీ చూలు కట్టలేదు. ఇంకా ప్రయోగశాల దశే.

గేటు దగ్గరి లెక్క

పుట్టుకలు ఆగాక కూడా పిల్లులు వస్తూనే ఉంటాయి, ఈసారి సంచుల్లో. సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ఈ పని 1991లో మొదలైంది. 1996లో పూర్తి లెక్క తీసేనాటికి 68 పిల్లులు. 2019 నాటికి మిగిలినవి 10. గొప్ప ఫలితమే. కానీ ఆ 28 ఏళ్లలో నమోదైన పిల్లులు మొత్తం 204. అంటే పనిలో ఎక్కువ భాగం మొదటి గుంపుతో కాదు, తర్వాత వచ్చినవాటితో నడిచింది. సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలోనూ ఇంతే: 2008లో 69, 2017లో 15, మధ్యలో లెక్కకెక్కినవి 122. రెండు చోట్లా సంఖ్య తగ్గడంలో పెంపకానికి ఇచ్చిన పిల్లుల వాటా పెద్దది. కొత్తగా వచ్చినదాన్ని వెంటనే పట్టి ఆపరేషన్ చేయడం రెండో కారణం.

క్యాంపస్‌కు వచ్చే కొత్తవాటికి ఒక పంచాంగం ఉంటుంది. విద్యా సంవత్సరం చివర, గదిలో రహస్యంగా పెంచిన పిల్లిని విద్యార్థి వదిలేసి వెళ్తాడు. ‘ఇక్కడ ఎవరో తిండి పెడతారు’ అన్న పేరు పడితే ఊళ్లోవాళ్లు కూడా గేటు దగ్గర వదిలిపోతారు. సెలవుల్లో తిండి పెట్టేవాళ్లు ఉండరు, ఎవరూ చూడరు, తిరిగొచ్చేసరికి కూనలు. ఈ తేదీలు ప్రతి ఏటా అవే, కాబట్టి సిద్ధంగా ఉండొచ్చు. పరీక్షలు ముగిసే వారం ముందు ‘పిల్లిని వదలకండి, మాకు చెప్పండి, పెంపకం చూస్తాం’ అని హాస్టళ్లకు చెప్పాలి. చెప్పినవాళ్లను శిక్షించకూడదు, శిక్షిస్తే మరుసటి ఏడాది ఎవరూ చెప్పరు. సెలవుల తిండి బాధ్యత విద్యార్థులకు కాక అక్కడే ఉండే సిబ్బందికి అప్పగించాలి. ప్రతి సెమిస్టర్ మొదట్లో మూడు నాలుగు ఆపరేషన్లకు సరిపడా డబ్బు పక్కన ఉంచుకోవాలి.

విద్యార్థి బృందాలు కూలిపోయేది కూడా ఇక్కడే. చురుకైన ఇద్దరు చదువు ముగించి వెళ్లిపోతారు, పట్టిక వాళ్ల ఫోన్‌లోనే పోతుంది. పట్టిక, బోన్లు, ఆసుపత్రితో ఒప్పందం విశ్వవిద్యాలయం పేర ఉండాలి. ఎస్టేట్, సెక్యూరిటీ, మెస్, ఆరోగ్య కేంద్రం నుంచి ఒక్కొక్కరు, తిండి పెట్టేవాళ్ల నుంచి ఇద్దరు, పక్షుల సంగతి తెలిసినవారు ఒకరు ఉన్న చిన్న కమిటీ చాలు. పిల్లి మెడలో గంట కట్టేదెవరన్న ప్రశ్న అక్కడే తేలాలి. జీతం మీద ఉన్న ఒక ఉద్యోగి పేరు బాధ్యుడిగా రాసి ఉంటేనే అది తేలుతుంది.

ఒప్పుకోవలసిన అభ్యంతరాలు

కడుపు నిండిన పిల్లి కూడా వేటాడుతుంది. అమెరికాలో బయట తిరిగే పిల్లులు ఏటా 130 నుంచి 400 కోట్ల పక్షులను చంపుతున్నాయని 2013లో వచ్చిన అంచనా. అందులో అధిక భాగం యజమాని లేని పిల్లులదే. ఆపరేషన్ వేటను ఆపదు; ఏళ్లు గడిచాక పిల్లులు తగ్గితేనే వేట తగ్గుతుంది. పక్షుల వైపు మాట్లాడేవారికి ఈ మాట దాచకుండా చెప్పి, తిండి చోట్లను గూళ్ల దగ్గర్నుంచి మార్చి, అక్కడ మొదట ఆపరేషన్లు, పెంపకాలు ముగించాలి.

టాక్సోప్లాస్మా (పిల్లి మలం ద్వారా మనుషులకు సోకగల పరాన్నజీవి) భయం నిజమే కానీ దానికి హద్దులున్నాయి. పిల్లి సాధారణంగా మొదటిసారి సోకినప్పుడు ఒకటి నుంచి మూడు వారాలు మాత్రమే ఆ క్రిమి గుడ్లను మలంలో వదులుతుంది. అవి బయటపడ్డాక అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. అందుకే తిండి చోటుకు కొంచెం దూరంగా పొడి ఇసుక గుంత ఏర్పాటు చేసి రోజూ శుభ్రం చేస్తే ముప్పు చాలా తగ్గుతుంది. గర్భిణులు ఆ పని చేయకూడదు. కరిస్తే, రక్కితే 15 నిమిషాలు సబ్బుతో ధారగా పారే నీటిలో కడిగి, ఆ రోజే ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి; పిల్లి పంటి గాటు పైకి చిన్నదే, లోతు ఎక్కువ, చీము పట్టడం మామూలు.

పదేళ్లకు గుంపులో అయిదారు ముసలి పిల్లులు మిగులుతాయి. అప్పటి ఖర్చు వేరు రకం: చిగుళ్ల జబ్బు, మూత్రపిండాలు దెబ్బతినడం, పళ్లు లేక పొడి దాణా నమలలేకపోవడం. అప్పుడు మెత్తటి తిండి, ఆసుపత్రి ఖర్చు, బాధ భరించలేని దశలో ఎవరు ఏ నిర్ణయం తీసుకుంటారన్నది ముందే రాసిపెట్టి ఉంచాలి. తిండి చోటును మాత్రం చివరి పిల్లి ఉన్నంతవరకూ, ఆ తర్వాత ఇంకొక సెమిస్టర్ వరకూ ఎత్తేయకూడదు. గుర్తులేని చెవితో ఎవరైనా కొత్తగా వస్తే మొదట కనబడేది ఆ గిన్నె దగ్గరే.